తోడబుట్టినవాడు

చిత్రకళతో అంతగా పరిచయం లేనివారికి కూడా విన్సెంట్ వాన్ గో పేరు వినగానే రెండు సంగతులు స్ఫురిస్తాయి. మొదటిది పసుపుపచ్చని పొద్దుతిరుగుడు పూల చిత్రం. రెండవది ఆ చిత్రకారుడు మతి చలించి తన చెవిని తానే కోసుకున్నాడన్న కథ. ఈ రెండింటినీ ముడిపెట్టి, ఆయన ప్రతిభకు ఆయన మనోవ్యాధే మూలమని నమ్మేవారు నేటికీ కనిపిస్తారు. ఆయన జీవితాన్ని కొంచెం నిదానంగా పరిశీలించినవారికి ఆ నమ్మకం నిలవదు. వ్యాధి విజృంభించిన వారాలలో ఆయన దాదాపు ఏ పనీ చేయలేకపోయాడు. చిత్రించగలిగిన రోజులలో ఆయనకు రంగులు, గుడ్డ, తిండి, తలదాచుకునే చోటు సమకూర్చి, అన్నిటికంటె మించి మాట్లాడడానికి ఒక మనిషిగా నిలిచినవాడు నాలుగేళ్లు చిన్నవాడైన తమ్ముడు. అతని పేరు థియోడోరస్. ఇంటివారు థియో అని పిలిచేవారు.

విన్సెంట్ 1853 మార్చి 30న హాలెండు దేశానికి దక్షిణాన, బెల్జియం సరిహద్దుకు చేరువలో ఉన్న జుండర్ట్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి ప్రొటెస్టెంటు మతబోధకుడు. సరిగ్గా ఏడాది ముందు, అదే తేదీన ఆ దంపతులకు ఒక మగశిశువు మరణించి పుట్టాడు. ఆ శిశువుకు పెట్టిన పేరు కూడా విన్సెంటే. తరువాత పుట్టి బ్రతికిన ఆరుగురు పిల్లలలో విన్సెంట్ పెద్దవాడు. 1857 మే 1న థియో పుట్టాడు. పెద్దవాడు ఒంటరితనాన్ని కోరుకునేవాడు, పొలాల వెంట తిరిగేవాడు, ఎప్పుడు ఏ మాటకు కోపగిస్తాడో తెలియని స్వభావం కలవాడు. చిన్నవాడు నెమ్మదస్తుడు, నలుగురితో కలిసిపోయేవాడు.

1869లో, పదహారేళ్ల వయస్సులో, విన్సెంట్ హేగ్ నగరంలోని గూపిల్ కంపెనీలో ఉద్యోగంలో ప్రవేశించాడు. చిత్రపటాలను, వాటి ముద్రిత ప్రతులను విక్రయించే ఆ సంస్థలో ఆయన పెదతండ్రి భాగస్వామి. 1872లో పదిహేనేళ్ల థియో హేగ్ వచ్చి కొద్దిరోజులు అన్నవద్ద ఉండి వెళ్లాడు. తమ్ముడు వెళ్లిపోయాక గది బోసిపోయినట్లు తోచి అన్న ఒక చిన్న ఉత్తరం రాశాడు. పద్దెనిమిదేళ్లపాటు సాగిన ఉత్తరాల పరంపరకు అదే నాంది. విన్సెంట్ తమ్మునికి రాసినవాటిలో 650 దాకా నేటికీ లభిస్తున్నాయి. థియో అన్నకు రాసినవి మాత్రం నలభై వరకే మిగిలాయి. తమ్ముడు తన చేతికి వచ్చిన ప్రతి కాగితాన్నీ బల్లసొరుగులో భద్రపరచాడు. ఊరూరా బసలు మారిన అన్న వాటిని నిలుపుకోలేకపోయాడు. మరుసటి ఏడాది థియో కూడా అదే కంపెనీకి చెందిన బ్రస్సెల్స్ శాఖలో చేరాడు.

థియో ఆ వ్యాపారంలోనే జీవితాంతం కొనసాగాడు. విన్సెంట్ కొనసాగలేకపోయాడు. లండన్, పారిస్ శాఖలలో పనిచేసి, కొనవచ్చినవారితోనే వాదనకు దిగే స్థితికి చేరి 1876లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తరువాత ఇంగ్లాండులో ఉపాధ్యాయుడయ్యాడు. ఒక పుస్తకాల దుకాణంలో కొన్ని నెలలు గడిపాడు. తండ్రి బాటలో మతబోధకుడు కావాలని ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువు ప్రారంభించి, లాటిన్, గ్రీకు భాషలతో పెనగులాడి, మధ్యలోనే విడిచిపెట్టాడు. 1878 చివరలో బెల్జియంలోని బోరినాజ్ అనే బొగ్గుగనుల ప్రాంతానికి సువార్త బోధించడానికి వెళ్లాడు. అక్కడి కార్మికుల దైన్యాన్ని చూసి తన బట్టలు, సామాను వారికి పంచి, గుడిసెలో గడ్డిమీద పడుకున్నాడు. బోధకునికి ఉండవలసిన హుందాతనం ఆయనలో లోపించిందని పైవారు భావించి, ఆరునెలల గడువు ముగియగానే ఆయనను కొనసాగించలేదు.

1879 వేసవిలో థియో అన్నను చూడడానికి బోరినాజ్ వెళ్లాడు. ఇలా ఊరకే కాలం గడపడం తగదని, ఏదో ఒక వృత్తి నేర్చుకోమని హితవు చెప్పాడు. ఆ మాట అన్నకు ముల్లులా గుచ్చుకుంది. అంతవరకు ఎడతెగక వచ్చిన ఉత్తరాలు దాదాపు ఒక ఏడాదిపాటు ఆగిపోయాయి. ఆ సమయంలోనే ఇంట తల్లిదండ్రుల ఆందోళన మితిమీరింది. కుమారునికి మతిస్థిమితం లేదని తలచి, తండ్రి అతనిని మనోరోగుల సంరక్షణకు పేరుపొందిన గీల్ పట్టణానికి పంపాలని యోచించాడు. విన్సెంట్ ఎదిరించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏడు. చేతిలో చిల్లిగవ్వ లేదు.

మౌనాన్ని భంగపరచినది థియో పంపిన యాభై ఫ్రాంకులు. అతడు వాటిని తల్లిదండ్రుల ద్వారా అన్నకు చేర్చాడు. వాటిని స్వీకరించిన విన్సెంట్ 1880 వేసవిలో సుదీర్ఘమైన ఉత్తరం రాసి, పనికిమాలినవాడుగా లోకానికి కనిపించే మనిషి లోపల ఏదో చేయాలన్న తపన ఎలా రగులుతుందో తమ్మునికి వివరించడానికి ప్రయత్నించాడు. ఉత్తరాల అంచులలో ఆయన గీస్తూ వచ్చిన చిన్నచిన్న బొమ్మలను థియో చాలాకాలంగా చూస్తూనే ఉన్నాడు. చిత్రకళ వైపు మొగ్గిన అన్నను అతడు ప్రోత్సహించాడు. ఆ ఏడాదే విన్సెంట్ చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నాడు. అప్పటినుండి మరణించేవరకు పదేళ్లపాటు ఆయన పోషణభారం థియోదే అయింది.

సోదరప్రేమ అనగానే మనకు లక్ష్మణుడు గుర్తుకు వస్తాడు. లక్ష్మణుడు అన్నను అనుసరించి అడవికి వెళ్లాడు. థియోకు ఆ వీలు లేదు. అన్న అడవులు పట్టి తిరుగుతుండగా తమ్ముడు నగరంలోనే నిలిచి, తనకు అంతగా రుచించని చిత్రాలను సంపన్నులకు విక్రయించి, ఆ జీతంలోనుండి నెలనెలా పంపవలసివచ్చింది. 1880 దశకం ఆరంభంలో అతడు పారిస్‌లో గూపిల్ కంపెనీ మాంట్‌మార్ట్ వీధి శాఖకు నిర్వాహకుడయ్యాడు. కొడుకులలో స్థిరమైన సంపాదన ఉన్నవాడు అతడే కనుక తల్లిదండ్రులకు కూడా అతడే ఆసరా.

డబ్బు ఇచ్చేవాడికి, పుచ్చుకునేవాడికి మధ్య సంబంధం ఎల్లవేళలా మధురంగా సాగడం అరుదు. ఈ అన్నదమ్ముల విషయంలోనూ అంతే. 1882లో విన్సెంట్ హేగ్‌లో సియెన్ అనే నిరుపేద స్త్రీని, ఆమె బిడ్డలను చేరదీసి కాపురం పెట్టాడు. కుటుంబమంతా తలవంచుకుంది. థియోకు కూడా అది నచ్చలేదు. ఈసారి డబ్బు ఆగిపోతుందని విన్సెంట్ భయపడ్డాడు, కాని అది ఆగలేదు. 1884లో న్యూనెన్ గ్రామంలో తల్లిదండ్రుల వద్ద ఉన్నప్పుడు, తన చిత్రాలను అమ్మడానికి తమ్ముడు వేలైనా కదపడం లేదని ఆయన నిష్ఠూరమాడాడు. ఆ వివాదంలోనే ఒక ఒప్పందం కూడా రూపుదిద్దుకుంది. తాను గీసిన చిత్రాలన్నీ థియోకు పంపుతాడు. థియో పంపే సొమ్మును దానంగా గాక, ఆ చిత్రాలకు ప్రతిఫలంగా తాను భావిస్తాడు. ఈ ఏర్పాటు తన ఆత్మాభిమానాన్ని కాపాడుకోవడానికి అన్న వెదకుకున్న మార్గమని థియో గ్రహించకపోలేదు. అయినా దానికి సమ్మతించాడు. ఈనాడు ప్రపంచానికి వాన్ గో చిత్రాలు ఇంత సమగ్రంగా దక్కడానికి ఆ ఒప్పందమే కారణం. అవి చెల్లాచెదరు కాకుండా ఒక్కరి ఇంటికి చేరాయి.

1885లో తండ్రి మరణించాడు. ఆ వసంతంలోనే విన్సెంట్ తన తొలి గొప్ప చిత్రమైన ‘బంగాళాదుంపలు తినేవారు’ పూర్తిచేశాడు. మట్టి తవ్విన చేతులతోనే పళ్లెంలోని దుంపలు అందుకుంటున్న రైతుకుటుంబాన్ని ఆయన దీపపు వెలుగులో, మట్టిరంగులలో చిత్రించాడు. పారిస్‌లో అటువంటి నల్లని చిత్రాన్ని అడిగే నాథుడు లేడు. అక్కడ చిత్రకారులు వెలుగును పట్టే కొత్త మార్గాలలో ఉన్నారని థియో రాస్తూ వచ్చాడు. ఆ మార్పు ఏమిటో కళ్లారా చూస్తేనే గాని విన్సెంట్‌కు బోధపడలేదు.

1886 ఆరంభంలో ఆయన చెప్పాపెట్టకుండా పారిస్‌కు వచ్చి తమ్ముని బసలో దిగాడు. కొన్ని నెలలకు ఇద్దరూ లెపిక్ వీధిలో కొంచెం పెద్ద ఇంటికి మారారు. మోనే, డెగా, పిస్సారో మొదలైనవారి చిత్రాలను థియో తన శాఖలో ప్రదర్శిస్తూ ఉండేవాడు. ఆ పరిచయాలన్నీ అన్నకు అందాయి. రెండేళ్లలో ఆయన వర్ణఫలకం పూర్తిగా మారిపోయింది. గోధుమ, నలుపు రంగులు వెనుకకు తగ్గి నీలం, పసుపు, ఎరుపు ముందుకు వచ్చాయి. అయితే కలిసి కాపురముండడం థియోకు అగ్నిపరీక్షగా పరిణమించింది. అన్న రాత్రివేళ వరకు వాదించేవాడు. ఇల్లు చిందరవందరగా ఉండేది. వచ్చిన స్నేహితులు మళ్లీ వచ్చేవారు కాదు. ఒకే దేహంలో ఇద్దరు మనుషులున్నట్లు, అందులో ఒకడు సౌమ్యుడు, ప్రతిభావంతుడు కాగా, మరొకడు కఠినుడు, స్వార్థపరుడు అయినట్లు థియో తన చెల్లెలు విల్లెమీనాకు రాసి బాధపడ్డాడు. అన్నను వదిలివేయమని ఆమె సలహా ఇచ్చినా అతడు అంగీకరించలేదు. అన్న గొప్ప చిత్రకారుడన్న నమ్మకం అతనికి అప్పటికే స్థిరపడింది.

1888 ఫిబ్రవరిలో విన్సెంట్ నగరజీవితానికి అలసి దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి వెళ్లాడు. సూర్యుని వెతుక్కుంటూ వెళ్లిన ఆయనకు ఆ రోజు ఆ ఊరు మంచుతో కప్పబడి కనిపించింది. వసంతం రాగానే పూతపట్టిన తోటలు, వేసవిలో గోధుమ చేలు, శరత్తులో ద్రాక్షతోటలు ఒకదాని వెనుక ఒకటి ఆయన కుంచెలోనికి వచ్చాయి. పారిస్ నుండి రంగుగొట్టాలు, చిత్రించే గుడ్డ చుట్టలు రైలులో వచ్చేవి. థియో ఉత్తరంలో మడిచి పెట్టిన యాభై, వంద ఫ్రాంకుల నోట్లు వచ్చేవి. అనేక ఉత్తరాలలో విన్సెంట్ మొదటి వాక్యం ఆ నోటు అందినదన్న కృతజ్ఞతే. అన్నీ కలిపి నెలకు దాదాపు 150 ఫ్రాంకులు. ఆయన మిత్రుడు, రైల్వేస్టేషనులో తపాలా ఉద్యోగి అయిన జోసెఫ్ రూలాఁ నెలకు 135 ఫ్రాంకులతో భార్యను, ముగ్గురు పిల్లలను పోషిస్తున్నాడు. కనుక థియో పంపిన సొమ్ము స్వల్పమేమీ కాదు. దానిలో పెద్దభాగం రంగులకు, గుడ్డకు, నమూనాగా కూర్చున్నవారికి పోయేది. పూటలతరబడి కాఫీ, రొట్టెలతో గడిపిన రోజులు అందుకే ఉన్నాయి.

ఈ కాలపు చిత్రాలపై ఆయన ‘విన్సెంట్’ అని మాత్రమే సంతకం చేసేవాడు. తన ఇంటిపేరును హాలెండు వెలుపల ఎవరూ సరిగా పలకలేరన్నది ఆయన సంశయం. ఆ సంశయం నిజమే అయింది. నేటికీ ఒక్కొక్క దేశంవారు ఆ పేరును ఒక్కొక్క తీరున పలుకుతున్నారు.

ఆర్ల్‌లో పసుపురంగు గోడలున్న చిన్న ఇంటిని అద్దెకు తీసుకుని, దానిని చిత్రకారుల ఆశ్రమంగా తీర్చిదిద్దాలని విన్సెంట్ కలగన్నాడు. ఆ వేసవిలో పెదతండ్రి మరణించాడు. ఆయన వీలునామాలో విన్సెంట్‌కు ఏమీ దక్కలేదు. థియోకు కొంత సొమ్ము లభించగా, దానిలో ఒక భాగాన్ని అతడు అన్న కల కోసమే వెచ్చించాడు. ఇంటికి మంచాలు, కుర్చీలు వచ్చాయి. చిత్రకారుడు పాల్ గొగాన్‌కు నెలకు ఒక చిత్రం ఇచ్చే షరతుపై నెలనెలా 150 ఫ్రాంకులు ఇవ్వడానికి థియో ఒప్పుకుని, అతనిని ఆర్ల్‌కు పంపాడు. అతిథి గది గోడలను అలంకరించడానికే విన్సెంట్ పొద్దుతిరుగుడు పూల చిత్రాలను గీశాడు.

గొగాన్ అక్టోబరు 23న వచ్చాడు. రెండు నెలలు గడిచేసరికి ఇద్దరికీ పొసగలేదు. డిసెంబరు 23 రాత్రి తీవ్రమైన కలహం తరువాత, ఒళ్లు తెలియని స్థితిలో విన్సెంట్ తన ఎడమ చెవిని కోసుకున్నాడు. మరునాడు పోలీసులు ఆయనను ఆసుపత్రికి చేర్చారు. పారిస్‌లో థియోకు ఆ వారమే యోహానా బోంగర్ అనే యువతితో వివాహం నిశ్చయమైంది. జీవితంలో మొదటిసారిగా తన సుఖం గురించి ఆలోచించిన ఆ ఘడియలలో అతనికి వార్త అందింది. ఆ రాత్రే రైలెక్కి, ఏడువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, క్రిస్మస్ పండుగనాడు అన్న మంచం పక్కన కూర్చున్నాడు. కొద్దిగంటలు మాత్రమే ఉండి తిరిగి వెళ్లవలసివచ్చింది. ఆ తరువాత యువ వైద్యుడు ఫెలిక్స్ రే, మతబోధకుడు సాల్, తపాలా ఉద్యోగి రూలాఁ రాసే ఉత్తరాల ద్వారా దూరంనుండే అన్న నాడిని పట్టి చూస్తూ గడిపాడు.

విన్సెంట్ కోలుకున్నాడు, మళ్లీ చిత్రించాడు, మళ్లీ జబ్బుపడ్డాడు. ఎవరో తనకు విషం పెడుతున్నారన్న భ్రమ ఆయనను వెంటాడింది. ఇరుగుపొరుగువారు ముప్పైమంది కలిసి ఆయనను ఊరిలో తిరగనివ్వరాదని నగరపాలకునికి అర్జీ పెట్టారు. పోలీసులు పసుపు ఇంటికి తాళం వేశారు. వ్యాధికంటె ఈ అవమానం ఆయనను ఎక్కువగా క్రుంగదీసింది. ఇక ఒంటరిగా బ్రతకడం తనవల్ల కాదని గ్రహించి, ఆశ్రయంలో చేరతానని ఆయనే స్వయంగా తమ్మునికి తెలిపాడు. పారిస్‌కు రమ్మని థియో పిలిచాడు. అన్న మనసు మారలేదు. అప్పుడు థియో ఆ సంస్థ అధికారికి ఉత్తరం రాసి, ఖర్చు తాను భరిస్తానని, బయట తిరిగి చిత్రించుకునే స్వేచ్ఛను మాత్రం అన్నకు ఇవ్వవలసిందని కోరాడు. ఆ చిన్న విజ్ఞప్తి లేకపోతే కళాచరిత్రలో ఒక అధ్యాయం ఉండేది కాదు.

1889 మే 8న విన్సెంట్ సెయింట్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో చేరాడు. పూర్వం అది క్రైస్తవ సన్యాసుల మఠం. అధికారి డాక్టర్ పేరోన్ ఆయన జబ్బును ఒక విధమైన మూర్ఛరోగంగా భావించాడు. తరువాతి కాలపు వైద్యులు అనేక పేర్లు సూచించారు. ఉద్వేగాలు రెండు కొసలకూ ఊగే మనోవ్యాధి అని కొందరు, దానికి మద్యం, నిద్రలేమి, పస్తులు తోడయ్యాయని మరికొందరు అన్నారు. ఆ కుటుంబంలో మనోవ్యాధి ఆయనతోనే ఆగలేదు. చెల్లెలు విల్లెమీనా 1902 నుండి 1941లో మరణించేవరకు చికిత్సాలయంలోనే గడిపింది. ఆనాటి వైద్యం చాలా పరిమితమైనది. వారానికి రెండుమార్లు రెండేసి గంటలపాటు నీటితొట్టెలో కూర్చోబెట్టడమే విన్సెంట్‌కు జరిగిన ముఖ్యమైన చికిత్స.

ఆ ఆవరణలో రాత్రింబవళ్లు కేకలు వినిపించేవి. అయితే తోటి రోగులను దగ్గరగా చూడడంవల్ల తన భయం తగ్గిందని విన్సెంట్ తమ్మునికి తెలియజేశాడు. అది కూడా ఇతర జబ్బులవంటి జబ్బేనని, తనకు వినిపించిన ధ్వనులే వారికీ వినిపించాయని ఆయన తెలుసుకున్నాడు. ఒకరికి జబ్బు వచ్చినప్పుడు మిగిలినవారు ఆసరాగా నిలవడం ఆయన అక్కడ గమనించాడు. నిద్రించడానికి ఒక గది, చిత్రించడానికి మరొక గది ఇచ్చారు. ఊచల కిటికీ వెలుపల గోడకట్టిన గోధుమ చేను, దానిపై ఉదయించే సూర్యుడు కనిపించేవి. జూన్ నెలలో ‘తారలు నిండిన రాత్రి’ చిత్రాన్ని గీశాడు. నేడు ప్రపంచమంతటా ప్రసిద్ధమైన ఆ చిత్రం థియోకు అంతగా నచ్చలేదు. శైలి కోసం చేసే అన్వేషణలో వస్తువు సహజత్వం మరుగునపడుతున్నదని అతడు నిర్మొహమాటంగా రాశాడు. అతనిది గుడ్డి అభిమానం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. తన మెచ్చుకోలుకు విలువ ఉండాలంటే విమర్శకు కూడా చోటుండాలని చిత్రాల వ్యాపారిగా అతనికి తెలుసు.

జూలైలో పొలంలో చిత్రిస్తుండగా వ్యాధి మళ్లీ విరుచుకుపడింది. ఆ స్థితిలో ఆయన రంగులు నోటిలో వేసుకోవడంతో వైద్యుడు వాటిని తీసివేశాడు. ఐదారు వారాలు చేతికి కుంచె లేదు. తేరుకున్న వెంటనే విన్సెంట్ చేసిన మొదటి పనులలో ఒకటి తమ్ముని సహాయం అర్థించడం. పని తనకు చికిత్సలో భాగమని వైద్యునికి నచ్చజెప్పవలసిందని ప్రాధేయపడ్డాడు. రంగులు తిరిగి వచ్చాయి. బయటకు వెళ్లడానికి ధైర్యం చాలని రోజులలో థియో పంపిన ముద్రిత ప్రతులను ముందుంచుకుని, మిల్లే గీసిన రైతుల బొమ్మలకు తనదైన రంగులు కూర్చాడు. ఏడాదికాలంలో ఆయన అక్కడ పూర్తిచేసిన చిత్రాలు దాదాపు 150. ఇవి చాలావరకు ఒక తాకిడికి, మరొక తాకిడికి నడుమ దొరికిన ప్రశాంతమైన దినాలలో, దీక్షగా కూర్చుని చేసినవి. వాటిలోని ఆలివ్ తోటలను, సైప్రస్ చెట్లను చూసి ఉన్మాదాన్ని వెదికేవారికి ఆ గీతల వెనుక ఉన్న లెక్క, ఓర్పు కనిపించవు.

1890 జనవరి 31న థియో, యోహానా దంపతులకు కుమారుడు జన్మించాడు. బిడ్డకు పెదనాన్న పేరే పెట్టారు. పేరు పెడుతున్నట్లు ముందే తెలిసినప్పుడు విన్సెంట్ సంతోషించాడు గాని, దానికి బదులు మరణించిన తండ్రి పేరు పెడితే బాగుండునని కూడా తలచాడు. బిడ్డకోసం ఆయన నీలాకాశం నేపథ్యంగా పూసిన బాదం కొమ్మలను చిత్రించి పంపాడు. అదే నెలలో బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రదర్శనలో ‘ఎర్ర ద్రాక్షతోట’ అనే చిత్రాన్ని అన్నా బోక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొన్నది. ఆల్బేర్ ఓరియే అనే యువ విమర్శకుడు ఆయనను ప్రశంసిస్తూ వ్యాసం ప్రకటించాడు. పదేళ్లుగా ఎదురుచూసిన గుర్తింపు తలుపు తట్టింది. కాని ఫిబ్రవరిలో వచ్చిన తాకిడి అన్నిటికంటె దీర్ఘమైనది. రెండు నెలలు ఆయన తేరుకోలేదు.

మే నెలలో విన్సెంట్ ఆశ్రయం విడిచి పారిస్ వచ్చాడు. రోగిష్టి మనిషిని ఊహించుకున్న యోహానాకు దృఢమైన శరీరం, చిరునవ్వు ముఖం కలిగిన బావగారు ఎదురయ్యాడు. తన భర్తకంటె ఆయనే ఆరోగ్యంగా ఉన్నాడని ఆమెకు అనిపించింది. అన్నదమ్ములిద్దరూ ఊయలలో నిద్రిస్తున్న పసివానిని మౌనంగా చూస్తూ కన్నీరు పెట్టుకున్నారు. ఆ ఇంట భోజనాల గదిలో దుంపలు తినే రైతులు, పడకగదిలో పూతపట్టిన తోటలు. మంచాల క్రింద, బీరువాల వెనుక చట్రాలు లేని చిత్రాల దొంతరలు. పదేళ్ల ఒప్పందమంతా విన్సెంట్ కళ్లముందు పరచుకుని ఉంది.

మూడు రోజుల తరువాత ఆయన పారిస్‌కు సమీపంలోని ఓవేర్ గ్రామం చేరాడు. చిత్రకళాభిమాని అయిన డాక్టర్ గాషే అక్కడ ఆయనను కనిపెట్టి చూస్తాడని థియో ఏర్పాటు చేశాడు. డెబ్బై రోజులలో అక్కడ డెబ్బై చిత్రాలకు పైగా వెలువడ్డాయి. కాని పారిస్ ఇంట చిక్కులు మొదలయ్యాయి. పసివాడు జబ్బుపడ్డాడు. యజమానులతో విసిగిన థియో ఉద్యోగం వదిలి స్వంత వ్యాపారం పెట్టాలని యోచిస్తున్నాడు. జూలై 6న వచ్చి ఆ చర్చలు విన్న విన్సెంట్ కలవరపడి వెనుదిరిగాడు. తమ్ముని సంసారానికి తాను మోయలేని బరువై ఉన్నానన్న తలపు ఆయనను వదలలేదు. థియో ప్రేమతోనే ఇచ్చాడు, అన్న కృతజ్ఞతతోనే పుచ్చుకున్నాడు. అయినా ప్రతి నోటూ ఆయన మనసులో అప్పుగా నమోదవుతూ వచ్చింది. ఆ అప్పును లెక్కించవలసిన పని లేదని థియో ఎన్నిమార్లు రాసినా ఆ లెక్క చెరగలేదు.

జూలై 27 సాయంకాలం విన్సెంట్ తుపాకితో తనను తాను గాయపరచుకుని, తాను బస చేసిన సత్రానికి తిరిగివచ్చాడు. మరునాడు కబురందుకున్న థియో పరుగున వచ్చి అన్న ప్రక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు తమ మాతృభాషలో మాట్లాడుకున్నారు. జూలై 29 వేకువకు ముందే, ముప్పై ఏడేళ్ల వయస్సులో, తమ్ముని సమక్షంలో విన్సెంట్ కన్నుమూశాడు. జూలై 30న ఓవేర్ గ్రామ శ్మశానంలో ఆయనను ఖననం చేశారు.

థియో అన్న చిత్రాలను లోకానికి చూపాలని తహతహలాడాడు. ప్రసిద్ధ వ్యాపారి డ్యూరాన్ రుయెల్ ప్రదర్శనకు అంగీకరించలేదు. చివరకు తన ఇంటి గదులలోనే వాటిని వేలాడదీయాలని నిశ్చయించి, చిత్రకారుడు ఎమిల్ బెర్నార్ సహాయం కోరాడు. ఆ పని పూర్తికాకమునుపే, అక్టోబరులో, అతని ఆరోగ్యం కుప్పకూలింది. అప్పటికే అతని నాడీమండలాన్ని వ్యాధి తినివేస్తున్నది. అన్న మరణం దానికి తోడై అతని మతి కూడా చలించింది. భార్య అతనిని హాలెండుకు తీసుకువెళ్లి ఉట్రెక్ట్ నగరంలోని చికిత్సాలయంలో చేర్పించింది. 1891 జనవరి 25న, అన్న పోయిన ఆరునెలలకు, ముప్పై మూడేళ్ల థియో మరణించాడు.

ఇరవై ఎనిమిదేళ్ల యోహానా చేతిలో ఏడాది బిడ్డ, అమ్ముడుపోని వందలాది చిత్రాలు, సొరుగు నిండా ఉత్తరాలు మిగిలాయి. ఆమె బుస్సుమ్ అనే ఊరిలో బాటసారులకు భోజనవసతి గృహం నడుపుతూ, రాత్రులలో ఆ ఉత్తరాలను చదివింది. చనిపోయిన భర్తను వాటిలోనే వెదకుకున్నది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో 400కు పైగా చిత్రాలతో గొప్ప ప్రదర్శన ఏర్పాటు చేసింది. 1914లో ఉత్తరాలను మూడు సంపుటాలుగా ప్రకటించింది. అదే ఏడాది భర్త అస్థికలను ఉట్రెక్ట్ నుండి తెప్పించి ఓవేర్‌లో విన్సెంట్ సమాధి ప్రక్కనే పూడ్పించింది. ఒకే తీరున చెక్కిన రెండు సాదా రాళ్లు అక్కడ ఉన్నాయి. రెండు సమాధులనూ ఒకే తీగ అల్లుకుని ఉన్నది. ముప్పై ఏళ్లకు పైగా తన ఇంట చూసుకున్న పొద్దుతిరుగుడు పూల చిత్రాన్ని ఎంతో తటపటాయించి 1924లో లండన్ చిత్రశాలకు ఇచ్చింది. ఉత్తరాలను ఆంగ్లంలోనికి అనువదిస్తూ, 526వ ఉత్తరం వద్ద ఉండగా 1925లో మరణించింది.

ఊయలలో నిద్రించిన పసివాడు పెరిగి ఇంజనీరు అయ్యాడు. తల్లి అమ్మక మిగిల్చిన చిత్రాలను, ఉత్తరాలను చెదరనీయకుండా ఒక సంస్థకు అప్పగించాడు. వాటికోసం 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం ప్రారంభమైంది. థియో సొరుగులో దాచిన ఉత్తరాలు, బిడ్డ పుట్టినప్పుడు పెదనాన్న పంపిన బాదంపూల చిత్రం ఆ మ్యూజియం సేకరణలోనే ఉన్నాయి.